అయ్యగార్లకు, సంఘ పెద్దలకు: చందాల పట్టీ చదివే ముందు ఒక్క మాట

నల్గొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ప్రభువు సేవ చేస్తున్న అయ్యగార్లకు, అమ్మగార్లకు, సంఘ పెద్దలందరికీ ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు.

నాది దేవరకొండ పక్కన ఒక చిన్న ఊరు. ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. పదకొండేళ్లుగా మా సంఘంలో కానుకల లెక్క నేనే రాస్తున్నాను. ఈ ఉత్తరం ఏ ఒక్క అయ్యగారి మీదా ఫిర్యాదు కాదు. మా అయ్యగారు నాకు తమ్ముడి లాంటివారు. పంపే ముందు ఆయనకు చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "పంపించన్నా" అన్నారు.

ఆదివారం ఆరాధన అయిపోయి అందరూ చెప్పులేసుకుని వెళ్లాక, నేను, ఇంకో ఇద్దరు పెద్దలు చాప మీద కూర్చుని కానుక సంచి బోర్లిస్తాం. డబ్బు లెక్కపెట్టడం నాకు కొత్త కాదు. బస్సులో ఇన్నేళ్లూ చేసిన పని అదే. అయితే బస్సులో ఎవరి నోటు ఏదో ఎవరూ పట్టించుకోరు. టికెట్ ఇచ్చామా, చిల్లర ఇచ్చామా, అంతే. చాప మీద మాత్రం నోటు చూస్తే మనిషి కళ్లముందు కనబడుతుంది. ప్యాంటు జేబులోంచి వచ్చిన పది రూపాయల నోటు మధ్యకు మడతపెట్టి ఉంటుంది. కొంగుముడిలోంచి వచ్చిన నోటు గోలీలా చుట్టుకుపోయి, చెమటకు మెత్తబడి ఉంటుంది. గోటితో మెల్లగా విప్పాలి, తొందరపడితే చిరుగుతుంది. పత్తి ఏరే రోజుల్లో అయితే ఆ మడతల్లో దూది పోగులు కూడా ఉంటాయి.

ఆ చుట్టుకుపోయిన నోట్ల పేర్లు మనం ఎప్పుడూ చదవం. మా సంఘంలో ఐదు వందలు, ఆపైన ఇచ్చినవాళ్ల పేర్లే తర్వాతి ఆదివారం మైకులో చదువుతారు. ఆ పట్టీ రాసేది నేనే. పదకొండేళ్లు రాశాను. అందుకే ఈ మాట అనే అర్హత నాకు ఉందో లేదో తెలియదు గానీ, బాధ్యత మాత్రం ఉందనుకుంటున్నాను.

మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉంది. ఆమె పుట్టి పెరిగింది మర్రిగూడ వైపు. చిన్నప్పటినుంచి తాగిన ఫ్లోరైడ్ నీళ్లకు ఎముకలు బిగుసుకుపోయాయి. మోకాళ్లు వంగవు, మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి. భర్త పోయి చాలా కాలమైంది. ఆసరా పింఛను వెయ్యి ఉన్నప్పుడు నెలకు వంద తెచ్చి ఇచ్చేది. 2019లో అది 2,016 అయ్యింది. అందులో పదో వంతు 201 రూపాయల 60 పైసలు. ఆమె 202 ఇస్తుంది. రెండు వంద నోట్లు, ఒక రెండు రూపాయల బిళ్ల. పింఛను ఆలస్యమైన నెల ఆలస్యంగా ఇస్తుంది గానీ తప్పదు. 202 ఐదు వందల కంటే తక్కువ కాబట్టి ఆమె పేరు మైకులో ఒక్కసారీ వినబడలేదు.

పోయిన ఎండాకాలం కూర్చుని నేను పాత లెక్కల పుస్తకాలన్నీ తిరగేశాను. పదకొండేళ్లలో ఆమె పేరు జమ వైపు నెల నెలా ఉంది. ఖర్చు వైపు ఒక్కసారి కూడా లేదు. ఆమె ఇల్లు కురుస్తుందని మా సంఘంలో అందరికీ తెలుసు. ప్రార్థన చేశాం కూడా. కీబోర్డు కొన్నాం, సౌండ్ బాక్సులు మార్చాం, ఎల్ఈడీ స్క్రీన్ పెట్టాం, కొత్త మందిరం కట్టాం. ఆ ఖర్చులన్నీ నా చేతిరాతలోనే ఉన్నాయి.

మార్కు సువార్త 12వ అధ్యాయంలో యేసు ప్రభువు కానుకపెట్టె ఎదురుగా కూర్చుని, ఎవరెలా వేస్తున్నారో చూస్తుంటాడు. మనం ఆ బీద విధవరాలి మీద ఎన్నో ప్రసంగాలు విన్నాం. ఆమె వేసిన రెండు కాసులు అప్పటి రోజు కూలి అయిన దేనారంలో అరవై నాలుగో వంతు. అంటే మన వైపు రోజుకు ఆరు వందల కూలి అనుకుంటే పది రూపాయలు కూడా కాదు. నాలా లెక్క రాసేవాడు ఆమె పేరు పట్టీలో ఎక్కించడు. ప్రభువు ఎక్కించాడు.

అయితే ఆ కథకు ముందూ వెనకా ఉన్న వాక్యాలు మనం కలిపి చదవం. దానికి సరిగ్గా ముందు 40వ వచనంలో, దీర్ఘ ప్రార్థనలు చేస్తూ విధవరాండ్ర ఇండ్లు మింగేసే శాస్త్రుల గురించి ప్రభువు హెచ్చరిస్తాడు. ఆ తర్వాతే విధవరాలు వస్తుంది, తనకున్నదంతా వేసి వెళ్తుంది. వెంటనే 13వ అధ్యాయం మొదట్లో ఒక శిష్యుడు దేవాలయాన్ని చూపించి, ఈ రాళ్లు ఎంత గొప్పవో, ఈ కట్టడాలు ఎంత గొప్పవో చూడమంటాడు. రాయి మీద రాయి నిలవదని ప్రభువు జవాబు. అధ్యాయం మారిందని మనం అక్కడ ఆగిపోతాం. ఆ రోజు ఆ శిష్యుడు ఆగలేదు. ఆ విధవరాలు అటు వెళ్లిందో లేదో, అతని కళ్లు రాళ్ల మీదికి పోయాయి. నా కళ్లు కూడా చాలా ఏళ్లు అక్కడే ఉన్నాయి.

మందిరాలు కట్టవద్దని నేననను. కరువు రోజుల్లో పని కల్పించి, కడుపుకింత అన్నం పెట్టి మెదక్ చర్చి కట్టారని మన పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1924 క్రిస్మస్ రోజున దాన్ని ప్రతిష్ఠించారు. ఆకలి తీర్చిన కట్టడం అది. నల్గొండలో సువార్త పని చేసిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1889లో రష్యా నుంచి బయలుదేరి వచ్చారు. వాళ్లను పంపింది అక్కడి మెన్నోనైట్ అనే క్రైస్తవ శాఖవాళ్ల పల్లెల్లోని రైతులు. వాళ్లెవరూ మన ఊరి పేరు కూడా విని ఉండరు. జడ్చర్ల మిషన్ దవాఖానలో పుట్టిన పిల్లలు ఇప్పుడు మన సంఘాల్లో తాతలు. వీటికి డబ్బు ఇచ్చినవాళ్ల పేర్లు మనకు ఏ గోడ మీదా కనబడవు.

ఇక నా సంగతి. ఇది రాయకపోతే పైన రాసిందంతా వట్టి మాటే అవుతుంది.

మా కొత్త మందిరం వాకిట్లో ఒక నల్లరాతి పలక ఉంది. లక్ష ఇచ్చినవాళ్లు పైన, యాభై వేలవాళ్లు కింద, పాతిక వేలవాళ్లు ఇంకా కింద. పైనుంచి మూడో పేరు నాది. దాని పక్కన మా నాయిన పేరు, "జ్ఞాపకార్థం" అని. ఆ లక్ష ఎక్కడినుంచి వచ్చిందో చెప్తాను. కొండమల్లేపల్లి రోడ్డుకు దగ్గర్లో మా నాయిన సంపాదించిన ఎకరన్నర చెల్క ఉండేది. నేను డ్యూటీలో చేరిన కొత్తలో హైదరాబాద్ నుంచి వస్తుంటే యాచారం దాటాక మాల్, చింతపల్లి దాకా బస్సు కిటికీలోంచి కంది చేలు, జొన్న చేలు, ఆముదం చేలే. రిటైరయ్యే నాటికి ఆ రోడ్డు పొడుగునా వెంచర్ల గేట్లు, రంగు రంగుల జెండాలు. రాళ్లేరి రాళ్లేరి నాయిన నడుము పడిపోయిన ఆ చెల్కకు, ఆయన బతికున్నప్పుడు ఎవరూ అనుకోని ధర వచ్చింది.

నాకు ఒక్కతే చెల్లె. కల్వకుర్తి వైపు ఇచ్చాం. బావ తాగి తాగి పోయాక మా ఊరికే వచ్చి, బడిలో మధ్యాహ్న భోజనం వండుతోంది. నాయిన పేరు మీద ఉన్న భూమిని నా పేరుకు మార్చుకోవడానికి విరాసత్ కాగితాలు పెట్టినప్పుడు, చెల్లె సంతకం కావాలన్నారు. ఇంటికి పోయి అడిగాను. ఎందుకని కూడా అడగలేదు, చేతులు తుడుచుకుని సంతకం పెట్టింది. పెళ్లప్పుడు ఇచ్చింది ఇచ్చాం కద, పసుపు కుంకుమల కింద ఐదు తులాలు పెట్టాం కద, అని నాకు నేను చెప్పుకున్నాను. ఊళ్లో అందరూ అనే మాటే అది. ఎంతమంది అన్నా ఆ మాట సరైనది కాదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా పోయిన క్రైస్తవుడి ఆస్తిలో కూతురికీ కొడుకుకీ సమాన వాటా. నాకు అప్పుడు తెలియదని చెప్పను. తెలుసుకోవాలని లేదు.

2021లో అమ్మాను. వచ్చినదాంట్లోంచి లక్ష మందిరానికి ఇచ్చాను. ఆదివారం నా పేరు చదివారు, చప్పట్లు కొట్టారు. అయ్యగారు నా తల మీద చేయిపెట్టి ప్రార్థన చేశారు. చెల్లె ఆడవాళ్ల వైపు చివరి వరుసలో ఉంది. ఆమె కూడా చప్పట్లు కొట్టింది.

పలక పెట్టిన రోజు మనవడిని ఎత్తుకుని దాని ముందు నిలబడింది. వాడికి అక్షరాలు చూపిస్తోంది. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. "నాయిన పేరు మంచిగ పడ్డదన్నా" అంది. అంతే. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఆమెకు నిజంగానే సంతోషంగా ఉంది. నాయిన పేరును అంత చక్కగా చెక్కించిన డబ్బులో సగం ఆమెది అన్న సంగతి ఆ క్షణంలో ఆమె మనసులో లేదు. నా మనసులో ఉంది.

మత్తయి 5వ అధ్యాయంలో, బలిపీఠం దగ్గర అర్పణ ఇవ్వబోతుండగా నీ సహోదరుడికి నీ మీద ఏమైనా ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలేసి ముందు వెళ్లి సమాధానపడు, తర్వాత వచ్చి అర్పించు అని ప్రభువు చెప్పాడు. ఈ వాక్యం నేను చిన్నప్పుడు ఆదివారం బడిలో కంఠతా పెట్టాను. ప్రతి ప్రభు భోజనానికి ముందు వింటాను. నా అర్పణ మాత్రం అప్పటికే నల్లరాతి మీదికి ఎక్కేసింది.

ఏం చేశానో కూడా చెప్తాను. వచ్చిన డబ్బులో ఇల్లు కట్టేశాను, పెద్దోడికి షాపు పెట్టించాను. చెల్లె వాటా ఒక్కసారిగా ఇవ్వడానికి చేతిలో లేదు. రిటైర్మెంట్ డబ్బుల్లోంచి కొంత ఇచ్చాను. మిగతాదానికి నలుగురి ముందు కాగితం రాసి, ఏడాదికింత అని కడుతున్నాను. ఇంట్లో టెన్షన్ తక్కువేం లేదు. మా పెద్దోడు ఆరు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు. మా ఆవిడ మొదట్లో ఏడ్చింది. ఇప్పటికీ కొన్ని రోజులు కష్టంగానే గడుస్తాయి. సువార్తలోని సుంకరి జక్కయ్య సగం ఆస్తి బీదలకు ఇస్తానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానని అన్నప్పుడు, ఆ మాట అతని ఇంట్లోవాళ్లు ఎలా విన్నారోనని ఇప్పుడు ఆలోచిస్తుంటాను. నాలుగింతల మాట నాకు దూరం. ఇవ్వాల్సిన వాటాకే ఇంత అయ్యింది.

లూకా 12లో ధనవంతుడి కథ మనకు బాగా తెలుసు. పంట విస్తారంగా పండితే పాత కొట్లు విప్పి పెద్దవి కట్టిస్తానని అనుకుంటాడు, ఆ రాత్రే ప్రాణం పోతుంది. అయితే ఆ కథ ఎందుకు పుట్టిందో చూడండి. గుంపులోంచి ఒకడు, పిత్రార్జితంలో నా వాటా పంచమని నా అన్నకు చెప్పమని ప్రభువును అడిగాడు. వాటాల గొడవ. మన తహసీల్ ఆఫీసు ముందు చెట్టు కింద రోజూ జరిగేదే. ప్రభువు తీర్పరిగా కూర్చోనన్నాడు గానీ, లోభం గురించి జాగ్రత్త అని చెప్పి ఈ కథ చెప్పాడు. సాగర్ రోడ్డు వెంట, జడ్చర్ల హైవే వెంట భూముల ధరలు పెరిగాక, ఒకే తల్లి కడుపున పుట్టి ఒకే మందిరంలో బాప్తిస్మం పొందినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా రెండు వైపులా కూర్చోవడం మీరూ చూస్తున్నారు. ఆ రెండు వైపుల నుంచీ మనం కానుక తీసుకుంటున్నాం. ఎక్కడి డబ్బు అని అడగడం లేదు.

ఇక మలాకీ. ప్రతి జనవరిలో మనం తప్పకుండా చదివేది మలాకీ 3:10. పదో భాగం అంతా మందిరపు గిడ్డంగిలోకి తెండి, ఆకాశపు వాకిళ్లు విప్పుతాను అని. నేను కూడా నమ్మి ఇచ్చాను, ఇస్తున్నాను. కానీ అదే అధ్యాయంలో ఐదో వచనం మైకులో నేను ఎప్పుడూ వినలేదు. కూలివాళ్ల కూలి విషయంలో వాళ్లను, విధవరాండ్రను, తండ్రిలేనివాళ్లను బాధపెట్టేవాళ్ల మీద నేనే సాక్షిగా నిలబడతానని దేవుడు అంటాడు. పదో భాగం మాట రాకముందే ఆ మాట ఉంది. ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం చివర్లో అయితే మూడేళ్లకొకసారి పదో వంతును ఏం చేయాలో కూడా స్పష్టంగా ఉంది. ఊళ్లోనే ఉంచి, మందిర సేవ చేసే లేవీయుడికి, పరదేశికి, తండ్రిలేనివాడికి, విధవరాలికి కడుపునిండా పెట్టాలి. లేవీయుడి వాటా మనం మరిచిపోలేదు. మిగతా ముగ్గురి మాటేమిటి?

పాలమూరు వైపు అయ్యగార్లకు ఒక మాట. మీ సంఘాల్లో గుంపు మేస్త్రీలు ఉన్నారు. వాళ్ల దగ్గర అడ్వాన్సు తీసుకుని ముంబైకి, పుణెకు, ఎక్కడెక్కడి ప్రాజెక్టు పనులకో వలసపోయేవాళ్లూ ఉన్నారు. నా బస్సులో వాళ్లు ఎన్నోసార్లు ఎక్కారు. ఒక మూట, ఒక నీళ్ల డబ్బా, నిద్రలో ఉన్న పిల్ల. మేస్త్రీ, కూలీ ఇద్దరూ ఒకే రొట్టె విరుస్తారు. కూలి లెక్క తేలకుండా మేస్త్రీ ఇచ్చిన కృతజ్ఞత కానుకను మీరు ఆశీర్వదించే ముందు, ఆ కూలీని ఒక్కసారి పక్కకు పిలిచి అడగండి. ఇవ్వకుండా బిగపట్టిన కూలి మొరపెడుతోందని యాకోబు రాసింది మనలాంటి సంఘాలకే. కొరింథులో కొందరు ఆకలితో, కొందరు మత్తుతో ప్రభు భోజనానికి కూర్చున్నప్పుడు పౌలు ఎంత కఠినంగా రాశాడో మీకు నేను చెప్పనవసరం లేదు.

రైతుబంధు మొదలైన 2018లో మా సంఘంలో ఒకరు ఎకరానికి వచ్చిన నాలుగు వేల లెక్కన మొత్తం డబ్బులోంచి దశమ భాగం తెచ్చిచ్చారు. నేను సంతోషంగా రాసుకున్నాను, పేరు చదివించాను. ఆ భూమిని కౌలుకు దున్నే మనిషి నాలుగు వరుసల వెనక కూర్చున్నాడు. కౌలుదారుకు ఆ పథకంలో పైసా రాలేదు. కానుక ఇచ్చినాయన మంచివాడే. కౌలు తగ్గించమని అడిగితే బహుశా తగ్గించేవాడు. అడగాల్సింది మేము, అడగలేదు.

ఈమధ్య సాక్ష్యాల్లో "ఆశీర్వాదం" అనే మాట వినగానే కారు, ప్లాటు, పిల్లల అమెరికా వీసా అని అర్థమవుతోంది. ఇంతిస్తే అంతకు వంద రెట్లు వస్తుందని, ఇది విత్తనం కానుక అని చెప్పే ప్రసంగాలు ఫోన్లలో ఇరవై నాలుగు గంటలూ మోగుతున్నాయి. సోమవారం గ్రూపు లోను కిస్తీ కట్టాల్సిన అక్క, ఆదివారం ఆ కిస్తీ డబ్బు తెచ్చి విత్తనంగా వేసి వెళ్లడం నా కళ్లారా చూశాను. సోమవారం ఏం జరిగిందో నాకు మంగళవారం తెలిసింది. గ్రూపులో మిగతా ఆడవాళ్లంతా ఆమె ఇంటి ముందు కూర్చున్నారు. ఆ నోటును నేను తిరిగి ఇవ్వాల్సింది. ఇవ్వలేదు, సంచిలో పడినదాన్ని తీయకూడదన్నారు. మార్కు 7లో తల్లిదండ్రులకు పెట్టాల్సినదాన్ని "కొర్బాను" అని దేవుడికి ముడుపు కట్టేవాళ్లను ప్రభువు మెచ్చుకోలేదు.

మన ముసలివాళ్ల కాలంలో డబ్బు లేదు. మా నాయనమ్మ పొద్దున బియ్యం కొలిచి ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి గోడవార ఉన్న చిన్న కుండలో వేసేది. వేసేటప్పుడు పెదాలు కదిలేవి. ఆదివారం కొంగులో పోసుకుని తెచ్చేది. అందరి పిడికెళ్లూ కలిపితే అయ్యగారి ఇల్లు గడిచేది, ఊళ్లో ఎవరింట్లో పొయ్యి వెలగలేదో ఆ ఇంటికీ అందులోంచే కొలిచి పంపేవారు. గోనెసంచిలో కలిసిపోయాక ఎవరి పిడికెడు ఏదో తెలియదు. ఇప్పుడు కోత పండుగకు వేలం పాట పెడుతున్నాం. పోయినసారి ఒక కూలి అక్క తెచ్చిన కోడిపెట్ట మీద ఇద్దరు పోటీపడి మూడు వేల దాకా పాడారు. చప్పట్లు, ఫొటోలు. పాడినాయన పేరు మైకులో మూడుసార్లు వచ్చింది. కోడి ఎవరిదని ఎవరూ అడగలేదు.

లూకా 16లో ప్రభువు చెప్పిన కథలో ఊదారంగు బట్టలు కట్టుకున్న ధనవంతుడికి పేరు లేదు. వాకిట్లో కురుపులతో పడి ఉన్న బీదవాడికి పేరుంది, లాజరు. మన పలకల మీద సరిగ్గా దీనికి తిరగేసి రాస్తున్నాం.

అందుకని మీ అందరినీ బతిమాలి అడుగుతున్నాను. మైకులో అంకెలు చదవడం ఆపండి. రసీదు ఇవ్వండి, లెక్క సంఘానికి చూపించండి, అది తప్పకుండా చేయాలి. కానీ ఎవరు ఎంత ఇచ్చారన్నది ఇచ్చినవాడికి, లెక్క రాసేవాడికి, దేవుడికి తెలిస్తే చాలు. చందాలు తగ్గిపోతాయని ఒక పెద్దాయన నాతో అన్నారు. కొంత తగ్గవచ్చు. తగ్గితే ఎల్ఈడీ స్క్రీన్ ఒక ఏడాది ఆలస్యంగా వస్తుంది. భూమి అమ్మిన డబ్బు కానుకగా వస్తే, తీసుకునే ముందు అక్కాచెల్లెళ్ల వాటా ఇచ్చారా అని ఒక్క ప్రశ్న అడగండి. నన్ను ఆ రోజు అయ్యగారు అడిగి ఉంటే బహుశా కోపం వచ్చేది, కానీ ఇంటికి వెళ్లాక నిద్ర పట్టేది కాదు. అప్పులో ఉన్న మనిషి విత్తనం కానుక వేస్తే వెనక్కి ఇచ్చేయండి.

అపొస్తలుల కార్యాలు 6వ అధ్యాయంలో విధవరాండ్రకు రోజూ అన్నం సరిగా అందడం లేదని సణుగుడు పుట్టినప్పుడు, ఆ పని చూడటానికే ఏడుగురిని ఏర్పరచుకున్నారు. సంఘ పెద్దలుగా మన పని మొదలైందే అక్కడ. తిమోతికి రాసిన మొదటి ఉత్తరంలో విధవరాండ్రను లెక్కలో చేర్చడానికి వయసు ఎంతుండాలో కూడా పౌలు రాశాడు. అంటే వాళ్ల దగ్గర ఒక పట్టీ ఉండేది. మన దగ్గర సభ్యత్వ రిజిస్టరు ఉంది, చందాల రిజిస్టరు ఉంది, పెళ్లిళ్ల రిజిస్టరు ఉంది. ఆ పట్టీ ఏ సంఘంలో ఉందో నాకు చూపించండి, నేను వచ్చి చూసి నేర్చుకుంటాను.

మా సంఘంలో పలక సంగతి వచ్చే నెల పెద్దల కూడికలో పెడుతున్నాను. నా పేరు తీసేయమని రాసిచ్చాను. మిగతావాళ్ల పేర్లు వాళ్ల ఇష్టం. చెల్లెను కూడా అడిగాను, నాయిన పేరు పోతుందేమోనని. "నాయినకు చదువొస్తదా అన్నా" అంది.

పట్టీ మాత్రం మొదలుపెట్టేశాను. కొత్త నోట్‌బుక్కు కొని గీతలు కొట్టాను. పేరు, ఇల్లు, ఏం కావాలి, ఏం చేశాం. మొదటి పేరు ఆ పెద్దమ్మది. పోయిన శనివారం ఇంటికి వెళ్లి, ఏం కావాలి పెద్దమ్మా, ఇల్లు కప్పు బాగుచేయిద్దామా అని అడిగాను. అది వానాకాలం లోపు చూద్దాంలే బిడ్డా, ముందు ఆ కొత్త మందిరం మెట్లకు పట్టుకోవడానికి ఒక పైపు వేయించండి, నేను ఎక్కలేకపోతున్నా అంది. ఏడు మెట్లు ఉన్నాయి. రెండేళ్లుగా ఆమె ఈ కొత్త మందిరానికే ఆరాధనకు వస్తోంది, 202 ఇస్తోంది. ఆ మెట్లు ఎలా ఎక్కుతుందో మేమెవరం చూడలేదు. కింద మెట్టు మీద కూర్చుని, చేతులు ఆనించి, ఒక్కో మెట్టూ వెనక్కి జరుగుతూ ఎక్కుతుందట, అందరికంటే గంట ముందు వచ్చి.

వెల్డింగ్ అతనితో మాట్లాడాను. రెండు వైపులా పైపు వేయడానికి శుక్రవారం వస్తానన్నాడు.

ప్రభువునందు మీ సహోదరుడు,
ఒక రిటైర్డ్ కండక్టర్, దేవరకొండ ప్రాంతం